మహేంద్రగిరి వైపు తేలిక అడవి దారులు: ఎలా నడవాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి

పర్లాకిమిడి, బరంపురం, కాశీనగర్, గుణుపురం వైపు తెలుగు కుటుంబాలకూ, సరిహద్దు ఇవతల పాతపట్నం, టెక్కలి, పలాస నుంచి సెలవు రోజున కొండకు బయల్దేరేవాళ్లకూ ఈ వివరాలు పనికొస్తాయి. చిన్నపిల్లలు, అరవై దాటినవాళ్లు, ఎప్పుడూ కొండ ఎక్కనివాళ్లు కలిసి వెళ్లగలిగే నడకల గురించే ఇక్కడ చెబుతున్నాం.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ కొండల్లో తేలిక దారి అంటే తక్కువ కిలోమీటర్లున్న దారి కాదు. రెండు కిలోమీటర్ల దారైనా మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే కష్టాలు తెస్తుంది. ఆరు కిలోమీటర్లున్నా పొద్దున్న ఏడింటికి బయల్దేరితే అమ్మమ్మలు కూడా కబుర్లు చెప్పుకుంటూ నడిచేస్తారు. వెలుగు ఉండగా, సీసాలో నీళ్లు మిగిలి ఉండగా, మోకాళ్లలో సత్తువ ఉండగా బండి దగ్గరికి తిరిగి చేరగలిగితే అది తేలిక దారి. అందుకే వెనక్కి తిరిగే వేళను ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకోవాలి. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

పేర్లతో వచ్చే చిక్కు

ఫోనులో మహేంద్రగిరి అని వెతికితే ఒక్కోసారి తమిళనాడులో, తిరునెల్వేలి వైపు ఉన్న ఇస్రో మహేంద్రగిరి వస్తుంది. మనది గజపతి జిల్లాలోది, ఎత్తు 1,501 మీటర్లు. రెండో చిక్కు రాయగడ పేరుతో వస్తుంది. ఈ కొండ ఉన్నది గజపతి జిల్లాలోని రాయగడ బ్లాకులో. అదే పేరుతో వేరే జిల్లా ఉంది, రైలు జంక్షన్ ఉన్న పట్టణం ఉంది. మ్యాపులో ఉత్త ‘రాయగడ’ అని కొడితే అది మిమ్మల్ని నాగావళి ఒడ్డుకు తీసుకుపోతుంది. ‘మహేంద్రగిరి, గజపతి’ అని కొట్టండి. సిగ్నల్ ఉండగానే ఆ ప్రాంతం మ్యాపును డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, కొండ మలుపుల్లోకి వెళ్లాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు.

ఏ నడకతో మొదలుపెట్టాలి

మొదటిసారి వెళ్లేవాళ్లు మహేంద్రగిరితో మొదలుపెట్టవద్దు. కాళ్లు, బూట్లు, పిల్లల ఓపిక ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి ముందు బల్లపరుపు నేల మీద ఒక పొద్దుటి నడక చేయండి. బరంపురం వాళ్లకు అలాంటి చోటు భేట్నయి, బాలిపదర్ ఊళ్ల పొలాలు. అస్కా, బుగుడా వైపు ఉంటాయి. ఇక్కడ కృష్ణ జింకలు కంచెలు లేకుండా రైతుల పొలాల్లోనే తిరుగుతాయి. జింకలు ఉంటే ఊరికి మంచిదని అక్కడివాళ్ల నమ్మకం, పంట కొంత తిన్నా తరతరాలుగా వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. పొలం గట్ల మీద రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే చాలు. ఆరింటికల్లా గట్టు మీద ఉండాలి, తొమ్మిది దాటితే ఎండకు జింకలు నీడ పట్టుకుంటాయి. మేస్తున్న జింక తల ఎత్తి చూసిందంటే మీరు ఆగాల్సిన దూరానికి వచ్చేశారని అర్థం. అక్కడే కూర్చోండి. నిలబడ్డ మనిషిని చూసి బెదిరే మంద, గట్టు మీద కూర్చున్న మనిషిని కాసేపటికి పట్టించుకోదు. గడ్డిలో కదలకుండా పడుకున్న కూన కనిపిస్తే తల్లి వదిలేసిందనుకుని ఎత్తుకోవద్దు. తల్లి దాన్ని అలా దాచిపెట్టి మేతకు పోతుంది. మీరు అక్కడున్నంతసేపూ అది దగ్గరికి రాదు.

పర్లాకిమిడి వాళ్లకు మొదటి నడకగా గండాహతి జలపాతం సరిపోతుంది. వానలు తగ్గాక, అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా నీళ్లు బాగుంటాయి, దారి కాస్త ఆరి ఉంటుంది. నాచు పట్టిన రాళ్లే ఇక్కడ ప్రమాదం. రాయి నల్లగా మెరుస్తుంటే దాని మీద కాలు పెట్టకండి, గరుకుగా బూడిదరంగులో ఉన్నదాన్ని చూసుకుని అడుగు వేయండి. గుండంలోకి దిగకుండా చూసి రావడం మంచిది. పైనుంచి నీళ్లు పడే చోట అడుగున రాయి లోపలికి కోసుకుపోయి ఉంటుంది, ఈత వచ్చినవాళ్లు కూడా దాని కిందికి చిక్కుతారు.

ఈ రెండింటిలో ఒకటి ఇబ్బంది లేకుండా అయ్యాక మహేంద్రగిరి పెట్టుకోండి.

మహేంద్రగిరి పైన

కొండ మీద పాండవుల పేర్లతో మూడు పాత రాతి గుళ్లున్నాయి. అన్నిటికంటే ఎత్తున భీముడి గుడి ఉంటుంది, పెద్ద పెద్ద బండలు పేర్చి కట్టిన చిన్న గుడి. దానికి దిగువన యుధిష్ఠిరుడిది, ఇంకా దిగువన కుంతిది. తూర్పు గాంగ రాజుల కులదైవం గోకర్ణేశ్వరుడు కొలువైనది ఈ కొండ మీదే. రాజేంద్ర చోళుడి కాలపు శాసనం కూడా ఇక్కడ ఉంది. అక్షరాలు కనిపించడానికి సుద్దముక్క రుద్దడం, నీళ్లు పోసి గీకడం చేయకండి, రాయి పొరలుగా రాలిపోతుంది. పొద్దుటి వాలు వెలుగులో పక్క నుంచి చూస్తే అక్షరాల నీడ పడి వాటంతట అవే కనిపిస్తాయి.

జీపు దారి చాలా ఎత్తు వరకు వెళ్తుంది, నడక మొదలయ్యేది ఆ తర్వాతే. బండి ఎంతవరకు వెళ్తుందో ఆ వారం కురిసిన వానలను బట్టి, దారి మరమ్మతును బట్టి మారుతుంది. ఆ సంగతి కింది ఊళ్లో ఆ రోజు పొద్దున అడగాలి. కిందటేడు వెళ్లొచ్చినవాళ్ల మాట పట్టుకుని లెక్క వేసుకోకండి. పదిమంది కూర్చున్న బండి రాళ్ల మలుపులో పైకి లాగలేకపోతే దిగి నడవండి. వెనక్కి జారుతున్న బండిని తోయడానికి దాని వెనక నిలబడవద్దు.

మందస వైపు నుంచి కూడా పైకి కాలిబాటలున్నాయి. దాదాపు సముద్రమట్టం నుంచి మొదలై ఎక్కాల్సిన ఎత్తు అది. కుర్రాళ్లు ఎక్కుతారు, నిజమే, కానీ కుటుంబంతో వెళ్లే తేలిక దారుల లెక్కలోకి అది రాదు.

2022లో ఒడిశా ప్రభుత్వం మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. విస్తీర్ణం 4,250 హెక్టార్లు. ఇది అభయారణ్యం కాదు, సవర గూడేలు, పొలాలు, కల్లు గీసే జీలుగు చెట్లు కలిసి ఉన్న కొండ. అభయారణ్యం ఈ జిల్లాలోనే వేరే ఉంది, అది లఖారీ లోయ. చంద్రగిరి టిబెటన్ కాలనీ చూసి, ఆ ఊపులో పక్క అడవిలోకి కాసేపు నడిచి వద్దామనుకునేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి పర్యాటకులు అడుగుపెట్టాలంటే అనుమతి పత్రం ఉండాలి. డివిజన్ అటవీ అధికారి ఆఫీసులో ముందుగా అడిగి, రాతపూర్వకంగా తీసుకుని, గార్డు తోడుంటేనే లోపలికి వెళ్లాలి. గేటు దగ్గర ఎవరూ లేకపోవడం అనుమతి కిందికి రాదు.

గంటల లెక్క

కుటుంబ నడకకు మేము వాడే లెక్క ఇది. చదును దారిలో 3 కిలోమీటర్లకు ఒక గంట. పైకి ఎక్కే ప్రతి 300 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. దిగడానికి ఎక్కిన వేళలో ముప్పావు వంతు. గంటకు 10 నిమిషాలు ఆగడం. దిగేది చిటికెలో అయిపోతుందని అనుకోకండి. మోకాళ్లు నొప్పెట్టేది, జారిపడేది దిగేటప్పుడే.

ఒక ఉదాహరణ: బండి ఆగిన చోటు నుంచి పైకి 3 కిలోమీటర్లు, ఎత్తు 300 మీటర్లు అనుకుందాం. ఎక్కడానికి 2 గంటలు, దిగడానికి గంటన్నర, మధ్యలో ఆగడానికి అరగంట పైన, గుడి దగ్గర ముప్పావుగంట. మొత్తం దాదాపు 5 గంటలు. ఎనిమిదింటికి మొదలుపెడితే ఒంటిగంటకు బండి దగ్గర ఉంటారు.

ఇప్పుడు దీన్నే తిరగేసి చూడండి. డిసెంబరు మొదట్లో ఇక్కడ సూర్యాస్తమయం 5:15 ప్రాంతాన. కొండకు తూర్పు వాలులో అంతకు ముందే నీడ కమ్ముతుంది, చెట్ల కింద ఇంకా ముందు. కాబట్టి 3:45 కల్లా బండి దగ్గర ఉండాలి. దిగడానికి గంటన్నర తీసేస్తే 2:15. అంటే రెండుంబావు కొట్టేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. గుడి వంద గజాల్లో కనిపిస్తున్నా సరే. ఈ వేళను గుంపులో అందరికీ ముందే చెప్పండి. అప్పటికప్పుడు పైన నిలబడి మాట్లాడుకుంటే ‘ఇంత దూరం వచ్చాం కదా’ అనే మాటే గెలుస్తుంది.

నడిచేటప్పుడు అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు పెట్టండి. దారి తెలిసిన మనిషి వాళ్ల పక్కన, బలంగా ఉన్న ఒకరు అందరికంటే చివర. కుర్రాళ్లు ముందుకు ఉరికి, చీలిక దగ్గర ఆగకుండా వెళ్లిపోవడం వల్లే గుంపులు విడిపోతాయి. చీలిక వచ్చిన ప్రతిచోటా చివరి మనిషి వచ్చేదాకా ఆగాలనేది నియమంగా పెట్టుకోండి. పిల్లల మెడలో తలా ఒక విజిల్ వేయండి. తప్పిపోతే కదలకుండా ఒక చెట్టును పట్టుకుని మూడుసార్లు ఊదాలి, కాసేపు ఆగి మళ్లీ మూడుసార్లు.

కాళ్లకు, సంచిలోకి

బూటు అరికాలికి లోతైన గాడులు ఉండాలి, ఖరీదు ఎంతన్నది తర్వాత. ఈ కొండల రాయి చాలాచోట్ల ఖొండలైటు. వానకు, ఎండకు చివికి ఎర్రటి గరుకు పలుకులుగా రాలుతుంది. గట్టి బండ మీద ఆ పలుకులు పరుచుకుంటే నున్నటి గచ్చు మీద శనగలు పోసినట్టే. అరిగిన చెప్పు అక్కడ నిలవదు. దిగేటప్పుడు మడమ గుచ్చకుండా అరికాలు మొత్తం ఆనించాలి, మోకాలు కొద్దిగా వంచి, అడుగులు చిన్నవిగా, ఏటవాలుగా అటూ ఇటూ మళ్లుతూ దిగాలి. వెనక్కి వాలితే కాలు ముందుకు జారి నడుము మీద పడతారు. శరీరం బరువు కొంచెం ముందుకే ఉంచండి.

కొత్త బూట్లతో నేరుగా కొండకు రావద్దు. రెండు వారాలు పొద్దున్నే ఊళ్లో నడిచి, 20 కిలోమీటర్లయినా అలవాటు చేయండి. సాయంత్రం పాదం కొద్దిగా ఉబ్బి ఉంటుంది, కొనేటప్పుడు ఆ వేళే తొడిగి చూడండి. మందపాటి మేజోళ్లతో కలిపి వేలికీ బూటు కొసకూ మధ్య బొటనవేలు పట్టేంత చోటు మిగలాలి. అది లేకపోతే దిగుడులో గోళ్లు కమిలిపోతాయి. మడమ దగ్గర వేడిగా అనిపించిన క్షణంలోనే ఆగి ప్లాస్టరు వేయాలి, బొబ్బ లేచాక వేసినా పెద్దగా లాభం లేదు.

చేతికి వెదురు కర్ర చాలు. నిలబడి పట్టుకుంటే మోచేయి సరిగ్గా మూల కట్టినట్టు వంగే పొడవు.

నీళ్లు చలికాలంలో మనిషికి గంటకు అర లీటరు, మార్చి దాటితే ముప్పావు నుంచి లీటరు. పై లెక్క ప్రకారం 5 గంటల నడకకు మనిషికి రెండున్నర లీటర్లు, అందరికీ కలిపి ఒక లీటరు అదనంగా. మొత్తం ఒకరి భుజానికే వేయకండి, ఆ మనిషి వెనకబడితే అందరూ దాహంతో కూర్చోవాల్సి వస్తుంది. ఊట నీళ్లు తేటగా ఉన్నా పైన పశువులు తిరుగుతాయి. క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాకే తాగండి. ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. తక్కువ నీళ్లలో కలిపితే మేలు చేయకపోగా కడుపు ఇంకా చెడుతుంది. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు.

తిండికి చింతపండు పులిహోర మించింది లేదు, పులుపు వల్ల సాయంత్రం దాకా నిలుస్తుంది. పెరుగన్నం పులిసి పాడవుతుంది. దారిలో నమలడానికి వేరుశనగ చిక్కీ, వేయించిన అటుకులు, ఉడికించిన చిలగడదుంపలు. ఏదైనా మూతగట్టి డబ్బాలో పెట్టండి. ప్లాస్టిక్ కవరు చప్పుడు కోతికి అన్నం గంటలాంటిది.

పైన చలిని తక్కువ అంచనా వేస్తారు. వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే పర్లాకిమిడి కంటే శిఖరం మీద 8, 9 డిగ్రీలు తక్కువ, గాలి వేరే. ఎక్కేటప్పుడు చెమట పట్టిన నూలు చొక్కాతోనే గుడి దగ్గర కూర్చుంటే పిల్లలు పది నిమిషాల్లో వణుకుతారు. పొడి చొక్కా ఒకటి, గాలి ఆపే జాకెట్టు ఒకటి సంచి పైభాగంలోనే ఉంచండి. పొగమంచు కమ్మితే దారి వెతకవద్దు. ఒకేచోట కూర్చుని అది విడిచేదాకా ఆగండి.

ఏనుగు, ఎలుగు

చాలామంది పులి ఉందా అని అడుగుతారు. నిజంగా తెలుసుకోవాల్సింది ఏనుగుల గురించి, ఎలుగుల గురించి.

లఖారీ లోయ ఏనుగులకు నెలవు. అక్కడి నుంచి బయల్దేరిన గుంపులు 2007 నుంచి పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఏజెన్సీ ఊళ్లలోకి వస్తున్నాయి. వాటికి రాష్ట్రం గీత లేదు. అందుకే నడిచే రోజు పొద్దున్నే కింది ఊళ్లో ‘హాతి అఛి కి?’ అని అడగండి, ఏనుగులున్నాయా అని. ఉన్నాయంటే ఆ రోజు నడక లేదు. తోడు వచ్చే మనిషి వెళ్దాం పదండి అన్నా వద్దు.

దారిలో పేడ కనిపిస్తే ఆగి చూడండి. పచ్చగా తడి మెరుపుతో, ఈగలు ముసిరి, చెయ్యి దగ్గరగా పెడితే వెచ్చగా తగిలితే ఏనుగు వెళ్లి ఎంతోసేపు కాలేదు. పైన పొర ఎండి గోధుమరంగుకు తిరిగి లోపల తడి ఉంటే పూటో రోజో అయింది. పేడపురుగులు తొలిచి, విడిపోయి, పీచు పీచుగా ఉంటే పాతది. గుండ్రటి అడుగు ముందరి కాలుది, కోలగా ఉన్నది వెనక కాలుది. ముందరి అడుగు చుట్టుకొలతను దారంతో కొలిచి రెట్టింపు చేస్తే భుజం వరకు ఏనుగు ఎత్తు దాదాపుగా వస్తుంది, పిల్లలకు చూపించదగ్గ లెక్క. కానీ ఆ కొలత పాత అడుగు మీదే. అడుగు అంచు పదునుగా, తొక్కిన గడ్డి ఇంకా పచ్చిగా ఉంటే కొలతలు మాని వచ్చిన దారినే వెనక్కి నడవండి. వెదురు విరిగే చప్పుడు, కడుపులోంచి వచ్చినట్టు తగ్గు గురగుర వినిపించినా అంతే. ఫోటో కోసం పది అడుగులు ముందుకు వేయడం, టపాకాయ కాల్చడం, ఫ్లాష్ కొట్టడం, వీటితోనే ప్రాణాలు పోతాయి.

ఎలుగుబంటితో చిక్కు వేరే రకం. దానికి చూపు మందం, తల దించి తవ్వుకుంటూ ఉంటుంది, మనిషి పక్కకు వచ్చేదాకా తెలియదు. ఉలిక్కిపడి మీద పడుతుంది, ముఖానికే తగులుతుంది. కాబట్టి దానికి ముందే తెలిసేలా నడవడమే ఉపాయం. మలుపుల దగ్గర, బండల సందుల దగ్గర, తుప్పలు మూసిన చోట గట్టిగా మాట్లాడండి, కర్రతో రాయిని కొట్టండి. ఇయర్‌ఫోన్లు తీసేయండి. చెదపుట్ట కొత్తగా తవ్వి గోళ్ల చారలు పడి ఉంటే, మట్టి ఇంకా తడిగా ఉంటే, అది ఆ చుట్టుపక్కలే ఉంది. పుట్టలోంచి చెదలు పీల్చేటప్పుడు చేసే జుర్రుమనే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఇప్పపూలు రాలే మార్చి, ఏప్రిల్లో, జీడిపండ్లు పండే వేసవిలో, నేరేడు కాలంలో తెల్లవారకముందు, సాయంత్రం పొద్దుగుంకేటప్పుడు తోటల గుండా నడవకండి. ఉద్దానం వైపు రైతులకు ఇది చెప్పక్కర్లేదు, వాళ్లు అనుభవించినదే.

ఎదురైతే పరుగెత్తవద్దు, మీకంటే అదే వేగం. దాని వైపే చూస్తూ వెనక్కి వెనక్కి నడవండి. పిల్లలను మధ్యలోకి తీసుకోండి. కూనలు కనిపిస్తే తల్లికీ వాటికీ మధ్యలో పడకండి. మీద పడితే బోర్లా పడుకుని రెండు చేతుల వేళ్లు పెనవేసి మెడ వెనక పెట్టుకోవాలి, ముఖం నేలకు ఆనించాలి. అది వెళ్లిపోయిందని తేలేదాకా లేవకండి.

గెడ్డ, ఉరుము, తేనెపట్టు, దూలగొండి

గెడ్డ, అంటే కొండవాగు, దాటే ముందు నీటి రంగు చూడండి. తేటగా పారేది ఉన్నట్టుండి బురదరంగుకు తిరిగినా, ఆకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొచ్చినా పైన వాన పడిందన్నమాట. మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, పక్కకు, ఎత్తుకు వెళ్లండి. మోకాలి పైకి పారే నీటిని పిల్లలతో దాటవద్దు. సాయంత్రానికి తగ్గుతుంది, లేదంటే ఈ ఒడ్డునే ఉండాలి. అక్టోబరులో తుపాను హెచ్చరిక ఉంటే ఆ వారం కొండ మాటే ఎత్తకండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం చనిపోయారు. తుపాను వెళ్లిన తర్వాత కూడా కొన్ని వారాలు వాలు నేల వదులుగానే ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక కాళవైశాఖి మబ్బు పడుతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉందని లెక్క, శిఖరం మీద నుంచి అప్పుడే దిగాలి. భీముడి గుడిలో దూరడం రక్షణ కాదు, చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తున ఉన్నది అదే. ఒంటరి చెట్టు కిందికి వెళ్లవద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచాకే మళ్లీ పైకి. పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ బయల్దేరే ముందే పెట్టుకోండి, అయితే సిగ్నల్ లేనిచోట మీ చెవులే దిక్కు.

జలపాతం రాతి గోడలకు, ఎత్తయిన చెట్లకు నల్లటి పరదాలా వేలాడేది కొండతేనె పట్టు. దాని దగ్గర పొగ, సెంటు, అరుపులు, రాయి విసరడం ఏదీ పనికిరాదు. లేస్తే ముఖం కప్పుకుని ఆగకుండా పరుగెత్తాలి. ఎలుగు దగ్గర పరుగు వద్దన్నాం, ఇక్కడ పరుగే కావాలి. నీళ్లలో మునగడం వల్ల లాభం లేదు, తల పైకి తీసేదాకా అవి పైనే తిరుగుతాయి.

చలికాలంలో దారి పక్క తీగలకు బంగారు నూగుతో మెరిసే, ఇంగ్లీషు ‘ఎస్’ అక్షరంలా వంగిన కాయల గుత్తులు చూసి పిల్లలు చెయ్యి పెడతారు. అది దూలగొండి. నూగు తగిలితే గోకొద్దు, నీళ్లతో రుద్దొద్దు, రుద్దేకొద్దీ ముళ్లు లోపలికి పోతాయి. ప్లాస్టరు ముక్క గానీ సెల్లోటేపు గానీ అతికించి లాగండి, నాలుగైదుసార్లు కొత్త ముక్కతో. ఆ తర్వాత సబ్బుతో కడిగి, బట్టలు మార్చండి. గాలి వాటున ఆ తీగ కింద కూర్చున్నా ఒళ్లంతా మండుతుంది, భోజనానికి కూర్చునే ముందు తల ఎత్తి చూసుకోండి.

పాము కాటుకు కోయడం, కట్టు బిగించడం, మందాకు పూయడం ఏదీ వద్దు. కాలి పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు తీసి, కాలు కదలకుండా కర్రకు వదులుగా కట్టి, నడిపించకుండా మోసుకుని దించి, పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికి. 108, 112 రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తాయి.

ఊళ్లో మర్యాద

తోడుకు ఊరి మనిషిని తీసుకోండి. కూలి ముందే మాట్లాడుకుని, దిగాక బేరం ఆడకుండా ఇవ్వండి. ఈ కొండ గూడేల్లో క్రైస్తవులు ఎక్కువ, ఆదివారం పొద్దున ప్రార్థనలయ్యేదాకా మనిషి దొరకడం కష్టం. సంత జరిగే రోజున కూడా అంతే. శనివారం సాయంత్రమే మాట పుచ్చుకుంటే మంచిది. చాలామందికి తెలుగు అర్థమవుతుంది, లోపలి గూడేల్లో సవర, ఒడియా. దారి అడగాలంటే ‘ఏ బాట కుఆడె జిబొ?’ అనండి, ఈ దారి ఎటు పోతుంది అని. ‘ఇది మహేంద్రగిరికేనా?’ అని అడిగితే మర్యాదకు అవునంటారు.

జీలుగు చెట్టుకు కట్టిన కుండ ఒకరి సొత్తు, ముట్టుకోకండి. ఊరి అంచున నిలబెట్టిన రాళ్ల మీద కూర్చోకండి, అవి చనిపోయినవాళ్ల పేరున ఉంటాయి. అడగకుండా ఆడవాళ్ల ఫోటోలు తీయకండి.

గుడి దగ్గర కర్పూరం వెలిగించేవాళ్లు ఫిబ్రవరి నుంచి మే వరకు మరీ జాగ్రత్త. శిఖరం చుట్టూ ఎండుగడ్డే, గాలి ఆగదు. రాతి మీద, గాలి తగలని మూలన, పక్కన నీళ్ల సీసాతో వెలిగించి, పూర్తిగా ఆరిపోయేదాకా అక్కడే నిలబడండి. శివరాత్రికి వేలమంది వస్తారు, తోపులాట ఉంటుంది. మొదటి నడకకు ఆ రోజు ఎంచుకోకండి.

ఇంటికి చేరాక

ఆ రాత్రే వేడినీళ్లతో స్నానం చేసి, నడకలో వేసుకున్న బట్టలన్నీ వేరుగా నానబెట్టండి. మోకాలి వెనక, చంకల్లో, నడుము పట్టీ దగ్గర, చెవుల వెనక పిడుదుల కోసం చూడండి. పట్టుకుని ఉంటే పట్కారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి, కాల్చకూడదు, నూనె పోయకూడదు. జలగైతే సన్నటి కొస దగ్గర గోరు జారిస్తే ఊడుతుంది.

తర్వాతి మూడు వారాలు జ్వరం మీద కన్నేసి ఉంచండి. గడ్డిలో కూర్చున్నప్పుడు కుట్టే కంటికి ఆనని పురుగు వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ 6 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు ఎక్కడైనా ఉందేమో వెతకండి, అది నొప్పి పెట్టదు కాబట్టి ఎవరూ గమనించరు. ఈ కొండల్లో మలేరియా కూడా ఉంది. డాక్టరు దగ్గర జ్వరం అని చెప్పి ఊరుకోకుండా, ఫలానా తారీఖున మహేంద్రగిరి వైపు అడవిలో నడిచామని చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయన ఏ పరీక్ష ముందు రాయాలో తేల్చుకుంటారు.